పార్కింగ్ దొరికినా దిగలేని బండి: వీల్‌చైర్ వ్యాన్ల చిక్కు ఎక్కడుంది?

దసరా వచ్చిందంటే విజయవాడలో ట్రాఫిక్ మళ్లింపుల జాబితా వస్తుంది. ఏ బండి ఏ ఘాట్ దగ్గర ఆగాలో, ఏ రోడ్డు మూసేస్తారో పోలీసులు చెబుతారు. ఆ జాబితా చూసి ఎక్కువమంది వేసుకునే ప్రశ్న ఒకటే: నడక ఎంత దూరం? వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని వ్యాన్‌లో తీసుకొచ్చే కుటుంబానికి దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంటుంది. బండి ఆగాక తలుపు తెరుచుకుంటుందా?

బండి పెట్టుకోవడానికి చోటు దొరకడం వేరు, ఆ చోట్లో మనిషి దిగగలగడం వేరు. చట్టం, బోర్డులు, పార్కింగ్ చీటీలు అన్నీ మొదటి దాని గురించే మాట్లాడతాయి. వీల్‌చైర్ వ్యాన్ ఇబ్బంది మొత్తం రెండో దానిలో ఉంది. 2024 నవంబర్ 8న వికలాంగులకు ప్రజా స్థలాలు అందుబాటులో ఉండటం గురించిన రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ విషయం మళ్లీ చర్చకు వచ్చింది. ఆ తీర్పు అర్థం కావాలంటే ముందు బండి సంగతి తెలియాలి.

ఏ బండి గురించి మాట్లాడుతున్నాం

మన ఊళ్లలో నడవలేని మనిషి మూడు రకాలుగా బయటికి వస్తారు. ఎక్కువగా కనిపించేది వెనక రెండు సైడ్ వీల్స్ బిగించిన స్కూటర్. దానికి చోటు పెద్దగా అక్కర్లేదు. కానీ గేటు దగ్గర పార్కింగ్ కుర్రాడు "స్టాండ్ వేసి పక్కకి జరపండి" అంటే కుదరదు. అది స్టాండ్ వేసే బండి కాదు, నడిపే మనిషి దిగి జరపలేరు.

రెండోది మామూలు కారు. మనిషిని సీట్లో కూర్చోబెట్టి, కుర్చీని మడిచి డిక్కీలో పెడతారు. దీనికి ముందు తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, తెరిచిన తలుపు పక్కన కుర్చీ పట్టాలి.

మూడోది మనం చెప్పుకునే వ్యాన్. మనిషి కుర్చీలోంచి లేవకుండా, కుర్చీతో సహా లోపలికి వెళ్లే బండి. ఈకో లాంటి చిన్న వ్యాన్ నుంచి ట్రావెలర్ లాంటి పెద్ద బండి దాకా దేన్నైనా ఇలా మార్పించవచ్చు. వెనక తలుపు నుంచి ర్యాంప్ దిగేవి కొన్ని, పక్క తలుపు నుంచి దిగేవి కొన్ని. పెద్ద బండ్లలో ర్యాంప్‌కు బదులు పైకీ కిందకీ కదిలే లిఫ్ట్ ఉంటుంది. బ్యాటరీ కుర్చీ వాడేవాళ్లకు, మెడ నిలబడక ప్రత్యేకంగా చేయించిన కుర్చీలో కూర్చునేవాళ్లకు ఇది సౌకర్యం కోసం కాదు, వేరే దారి లేక. ఆ కుర్చీలు మడవడానికి రావు, ఆ మనుషుల్ని ఎత్తి సీట్లోకి మార్చడం ప్రమాదం.

ఈ మూడింటినీ కలిపి "వికలాంగుల పార్కింగ్" అని ఒకే బోర్డు కింద పెట్టడంతో గందరగోళం మొదలవుతుంది.

టేపు పట్టుకుని కొలిస్తే

మామూలు కారు స్లాట్ సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు ఉంటుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి వికలాంగుల స్లాట్‌కు కనీసం 3.6 మీటర్ల వెడల్పు ఉండాలని, అది ప్రవేశ ద్వారానికి 30 మీటర్లలోపు ఉండాలని చెబుతుంది. ఆ అదనపు వెడల్పు కారు తలుపు పూర్తిగా తెరిచి పక్కన కుర్చీ పెట్టుకోవడానికి. అంటే పైన చెప్పిన రెండో రకం బండికి అది సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు పక్క తలుపు వ్యాన్ తీసుకుందాం. బండి వెడల్పు 1.7 మీటర్లు. పక్కకు దిగే ర్యాంప్ 1.2 మీటర్లు. ర్యాంప్ దిగిన కుర్చీ మలుపు తిరగడానికి ఒకటిన్నర మీటర్ల జాగా కావాలి, మన ప్రమాణాల్లో కుర్చీ తిరిగే వలయానికి వాడే కొలత అదే. మొత్తం 4.4 మీటర్లు. 3.6 మీటర్ల స్లాట్ నియమావళి ప్రకారం గీసి, నీలం బోర్డు పెట్టి, తాడు కట్టి కాపలా కాసినా ఇంకా 80 సెంటీమీటర్లు తక్కువే. ఆ పక్కన ఇంకో కారు ఉంటే కుర్చీ ర్యాంప్ మీదే ఆగిపోతుంది.

వెనక తలుపు వ్యాన్‌కు వెడల్పు బాధ లేదు, పొడవు బాధ. బండి నాలుగు మీటర్లు అనుకుందాం. నేల కిందికి దించిన వ్యాన్ కాబట్టి లోపలి నేల రోడ్డుకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ర్యాంప్ 1.8 మీటర్లు. దిగాక తిరగడానికి మళ్లీ ఒకటిన్నర. మొత్తం 7.3 మీటర్లు. ఐదు మీటర్ల స్లాట్‌లో పెడితే రెండు మీటర్ల పైచిలుకు బండ్లు తిరిగే దారిలోకి పొడుచుకొస్తుంది. వెనకాల హారన్లు మోగుతుండగా ఎవరో ఒకరు చేయి అడ్డం పెట్టి నిలబడి మనిషిని దించాలి. పైగా ఆ ర్యాంప్ వాలు ఆరుకు ఒకటి. భవనాల్లో కట్టే ర్యాంపుకు పన్నెండుకు ఒకటి మించకూడదంటారు. ఆ లెక్కన 3.6 మీటర్ల ర్యాంప్ కావాలి, అంత పొడవుది చిన్న వ్యాన్‌లో మడిచి పెట్టడానికే చోటుండదు. అందుకే వాలు నిటారుగానే ఉంటుంది, వెనక పట్టుకునే మనిషి తప్పనిసరి అవుతారు.

"రివర్స్‌లో పెట్టండి సార్, పోయేటప్పుడు తేలిక" అని పార్కింగ్ దగ్గర అందరికీ చెప్పే మాట ఒకటుంది. వెనక ర్యాంప్ ఉన్న వ్యాన్‌ను రివర్స్‌లో గోడకు ఆనిస్తే ఆ తలుపు ఇక తెరుచుకోదు. పక్క తలుపు వ్యాన్‌కేమో, రెండు స్లాట్ల మధ్య ఉమ్మడి ఖాళీ వదిలిన చోట, ముక్కు లోపలికి పెట్టాలా వెనక్కి పెట్టాలా అన్నదాన్ని బట్టే తలుపు ఖాళీ వైపు పడుతుందో పక్క కారు వైపు పడుతుందో తేలుతుంది. మన వ్యాన్లలో చాలావాటికి ప్రయాణికుల తలుపు ఎడమ వైపే మరి.

కొండ మీద లెక్క ఇంకా మారిపోతుంది. పదికి ఒకటి వాలున్న ఘాట్ రోడ్డు పక్కన ఇదే వెనక ర్యాంప్ వ్యాన్ ముక్కు పైకి పెట్టి ఆగిందనుకోండి. ర్యాంప్ వాలుకు రోడ్డు వాలు తోడై దాదాపు నాలుగుకు ఒకటి అవుతుంది. కుర్చీని పట్టుకున్నవాళ్లు కూడా జారే వాలు అది. అదే బండిని అదే చోట ముక్కు కిందికి తిప్పి పెడితే వాలు పదిహేనుకు ఒకటికి తగ్గుతుంది, భవనంలో ర్యాంప్ కన్నా మేలు. కాకపోతే ర్యాంప్ దిగిన కుర్చీ మళ్లీ వెనక్కి, బండి వైపే దొర్లాలని చూస్తుంది, బ్రేకు వేసి పట్టుకోవాలి. వన్‌వే ఘాట్ రోడ్డులో బండిని అటు తిప్పి పెట్టనిస్తారా అన్నది వేరే సంగతి.

అమెరికా ప్రమాణాల్లో కారుకు ఒక కొలత, వ్యాన్‌కు ఇంకో కొలత ఉన్నాయి. వ్యాన్ స్లాట్ 11 అడుగులు, దాని పక్కన చారలు గీసిన ఖాళీ మరో 5 అడుగులు, మొత్తం 16 అడుగులు, మన లెక్కలో దాదాపు 4.9 మీటర్లు. ప్రతి ఆరు వికలాంగుల స్లాట్లలో కనీసం ఒకటి ఇలా ఉండాలి, పైన 98 అంగుళాల ఎత్తు ఖాళీ ఉండాలి. ఎత్తు ఎందుకంటే, సెల్లార్ పార్కింగ్ గేటు దగ్గర వేలాడే ఇనుప కడ్డీ పెద్ద వ్యాన్లను అక్కడే ఆపేస్తుంది. అక్కడి వాళ్లకూ ఇబ్బందులు తీరిపోలేదు, చారల ఖాళీలో బండ్లు పెట్టేవాళ్లు అక్కడా ఉన్నారు. మనం గమనించాల్సింది, వ్యాన్ అనేది వేరే జాతి బండి అని ఆ ప్రమాణం ఒప్పుకుంది.

చట్టం ఏమంది, కోర్టు ఏమంది

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని కింద నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. కొత్త భవనం ప్లాన్‌కు అనుమతి ఇవ్వాలంటే అందుబాటు ప్రమాణాలు పాటించి ఉండాలని 44వ సెక్షన్ అంటుంది. పాత ప్రజా భవనాలను నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో మార్చాలని 45వ సెక్షన్ అంటుంది. ఆ ఐదేళ్లు 2022 జూన్‌తో అయిపోయాయి. ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల రూపాయల దాకా, ఆ తర్వాత యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్.

చదవడానికి గట్టిగానే ఉంది. మరి పేచీ ఎక్కడ? చట్టం "పాటించాలి" అంది, కింద వచ్చిన నిబంధన మాత్రం మార్గదర్శకాల వైపు వేలు చూపించింది. ఆ మార్గదర్శకాల్లో చాలాచోట్ల "ఉంటే మంచిది" అనే ధోరణి. సుప్రీంకోర్టు పట్టుకున్నది సరిగ్గా ఇదే. 15వ నిబంధనలోని మొదటి భాగం చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస ప్రమాణాలను వేరుగా తయారు చేయమని కేంద్రానికి మూడు నెలల గడువు ఇచ్చింది. సలహా వేరు, షరతు వేరు అన్నది ఆ తీర్పు సారాంశం.

పర్యాటక స్థలాలకు వచ్చేసరికి ఇంకో మెలిక ఉంది. చట్టంలో ప్రజా భవనం అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో మతపరమైన, సాంస్కృతిక, వినోద అవసరాలకు వాడే భవనాలూ వస్తాయి. కాబట్టి గుడి, మ్యూజియం అందులోవే. కానీ పార్కింగ్ అనే మాటను పేరు పెట్టి రాసిన 41వ సెక్షన్ బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాల గురించి. పండగ పది రోజులకు తాత్కాలికంగా పార్కింగ్‌గా మారే ఘాట్ స్థలం భవనం కాదు, బస్టాండూ కాదు. ప్రజలకు అందించే సేవల్లో అదీ భాగమే కాబట్టి చట్టం వర్తిస్తుందని హక్కుల కోసం పోరాడేవాళ్ల వాదన. ఖాళీ నేలకు ప్లాన్ అనుమతి లేనప్పుడు ఏ దశలో ఎవరు తనిఖీ చేస్తారన్నది అధికారుల వైపు నుంచి వచ్చే ప్రశ్న. నా మటుకు నాకు మొదటి వాదనే బలంగా కనిపిస్తుంది, కానీ రెండో ప్రశ్న కొట్టిపారేసేది కాదు.

కొండ, గుహ, దీవి, విగ్రహం

విజయవాడ బందరు రోడ్డులో, స్వరాజ్య మైదానంలో ఉన్న అంబేద్కర్ స్మృతివనం 2024 జనవరి 19న ప్రారంభమైంది. పీఠంతో కలిపి 206 అడుగుల విగ్రహం, సుమారు 18 ఎకరాల స్థలం. చట్టం వచ్చాక కట్టిన కట్టడం కాబట్టి ఇలాంటి చోట వాదనకు తావు లేదు, ప్లాన్ దశలోనే ప్రమాణాలు పాటించాలి.

ఉండవల్లి గుహలు ఇంకో కొస. నాలుగు అంతస్తుల రాతి కట్టడం, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పడుకుని ఉన్న అనంతపద్మనాభుణ్ణి చూడాలంటే మెట్లెక్కాలి, అక్కడ ర్యాంప్ వేయమని ఎవరూ అడగరు. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లు నియంత్రణలో ఉంటాయి. దీన్ని చూపించి "మేమేం చేయలేం" అనడం తేలిక. కానీ గుహల ముఖభాగం మొత్తం ముందున్న పచ్చిక దగ్గర్నుంచే కనిపిస్తుంది. అక్కడిదాకా కుర్చీ రావడానికి కావలసింది చదునైన నేల, ఒక వ్యాన్ జాగా. నేల మీద రంగుతో గీత గీయడం నిర్మాణం కిందికి ఎలా వస్తుంది? మెట్లు ఎక్కలేరు కదా, ఇక బండి ఎక్కడ పెడితే ఏమిటి అనే ఆలోచన పైకి చెప్పకపోయినా చాలా చోట్ల పనిచేస్తుంటుంది.

భవానీ ద్వీపానికి పున్నమి ఘాట్ నుంచి పడవలో వెళ్లాలి. అక్కడ వ్యాన్ ఒడ్డునే ఆగుతుంది, అసలు పరీక్ష పడవ ఎక్కడం. పార్కింగ్ బాగున్నా నీటిమట్టం మారినప్పుడల్లా పడవకూ ఒడ్డుకూ మధ్య ఎత్తు మారుతుంది. అది వేరే వ్యాసం.

ఇంద్రకీలాద్రి సంగతి అన్నిటికన్నా క్లిష్టం. ఒక పక్క కొండ, ఒక పక్క కృష్ణ, మధ్యలో సన్నటి నేల. మామూలు రోజుల్లో బండి ఘాట్ రోడ్డులో పైకి వెళ్లవచ్చు, కింద మహామండపం వైపు నుంచి లిఫ్టూ ఉంది. దసరాకు, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, ఆ నేల మీద మనుషులకే చోటు చాలదు. కొండ మీద బండ్లు ఆపేసి జనాన్ని క్యూల్లో పంపడం తప్ప దేవస్థానానికి, పోలీసులకు ఇంకో మార్గం లేదు. 30 మీటర్ల నియమం అక్కడ ఆ రోజుల్లో కాగితం మీదే ఉంటుంది. మంగళగిరి పానకాల స్వామి కొండకూ ఘాట్ రోడ్డు ఉంది, అక్కడా పండగ రోజు ఇలాంటి ఒత్తిడే.

దించి వెళ్లడమా, పక్కనే పెట్టడమా

అందుకే నిర్వాహకులు తరచూ చెప్పే పరిష్కారం: గేటు దగ్గర దించేయండి, బండిని దూరంగా పెట్టుకోండి, లోపల మా వీల్‌చైర్లు ఉన్నాయి. దీని వెనక న్యాయమైన కారణాలున్నాయి. గేటు ముందు పావుగంట ఆగే బండి రోజంతా ఆగే బండి కన్నా ఎక్కువమందికి ఉపయోగపడుతుంది. కేటాయించి ఖాళీగా ఉంచిన స్లాట్లలో చివరికి వీఐపీ కార్లు చేరతాయన్న అనుభవమూ ఉంది. అసలు ర్యాంప్ ఉన్న వ్యాన్లు మన దగ్గర ఎన్ని కనిపిస్తున్నాయి, వాటి కోసం ఇంత జాగా వదలాలా అన్న ప్రశ్న కూడా వింటాం.

ఒక ఇంటి లెక్క చూద్దాం. తల్లి కుర్చీలో ఉంది, కొడుకు బండి నడుపుతాడు, మూడో మనిషి లేరు. గేటు దగ్గర తల్లిని దించి కిలోమీటరు దూరంలో బండి పెట్టి తిరిగి రావడానికి, రద్దీ రోజున, అరగంట పడుతుంది. ఆ అరగంట ఆమె తోపులాటలో, ఎండలో ఒక్కతే. డ్రైవరే సాయం మనిషి అయినప్పుడు దించి వెళ్లే పద్ధతి పనిచేయదు. దర్శనం అయ్యాక ఇదే తంతు వెనక్కి నడుస్తుంది, ఈసారి బండి గేటు దగ్గరికి వచ్చేదాకా ఆపనిస్తారో లేదో అన్న టెన్షన్ అదనం. అదే అద్దెకు తీసుకున్న వ్యాన్, డ్రైవర్ వేరు, పక్కన కోడలు ఉంది అంటే దించి వెళ్లడమే హాయి.

"మా వీల్‌చైర్ ఉంది" అన్న మాట కూడా కారులో వచ్చి, కాసేపు ఎవరి కుర్చీలోనైనా కూర్చోగలిగిన మనిషికి నిజమే. వ్యాన్‌లో వచ్చేది సాధారణంగా అలా మారలేని మనిషే. తక్కువ వ్యాన్లు కనిపిస్తున్నాయి కాబట్టి జాగా అక్కర్లేదనే వాదనకు హక్కుల వైపు జవాబు, జాగా లేకే అవి బయటికి రావడం లేదు అని. ఇందులో ఏది ముందు అన్నది బయటి నుంచి తేల్చడం కష్టం. కానీ వ్యాన్‌కు సరిపోయే జాగా కారుకూ, సైడ్ వీల్స్ స్కూటర్‌కూ సరిపోతుంది. కారుకు గీసింది వ్యాన్‌కు సరిపోదు.

స్లాట్ మనిషిదా, బండిదా

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లేటప్పుడు కాజ టోల్ ప్లాజా వస్తుంది. జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లో, వైకల్యం ఉన్న మనిషి కోసం ప్రత్యేకంగా తయారైన వాహనానికి టోల్ మినహాయింపు ఉంది. అంటే అక్కడ చూసేది బండిని. 2020 అక్టోబర్‌లో వాహన రిజిస్ట్రేషన్ ఫారంలో దివ్యాంగుల యాజమాన్యాన్ని నమోదు చేసే వీలు కల్పించారు, అదీ బండి వైపే. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, వైకల్యం ఉన్నవాళ్ల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ మాత్రం మనిషికి ఇచ్చేవి.

పార్కింగ్‌కు ఏది చూపించాలి? బ్రిటన్‌లో బ్లూ బ్యాడ్జి మనిషికి ఇస్తారు, ఆ మనిషి ఏ బండిలో ఉంటే ఆ బండికి వర్తిస్తుంది. మనకు దేశమంతా చెల్లే అలాంటి పార్కింగ్ బ్యాడ్జి పద్ధతి స్థిరపడలేదు. బండినే చూస్తే అద్దె వ్యాన్‌లో వచ్చే కుటుంబం నష్టపోతుంది. మనిషి కార్డు చూస్తే, తాతగారి కార్డు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని ఆయన్ని ఇంట్లో వదిలి వచ్చే మనవళ్లను ఎవరు పట్టుకుంటారు? పైగా వినికిడి లోపం ఉన్న మనిషికీ యూడీఐడీ ఉంటుంది, ఆయనకు 4.4 మీటర్ల జాగా అక్కర్లేదు. కార్డు వైకల్యాన్ని చెబుతుంది, కుర్చీని చెప్పదు.

చారల ఖాళీ, బైకులు, పాట

ఉదయం వచ్చినప్పుడు అన్నీ సరిగ్గా ఉండి, తిరిగి వెళ్లేటప్పుడు ఇరుక్కుపోవడం వ్యాన్ వాళ్లకు బాగా తెలిసిన ఇబ్బంది. ర్యాంప్ దిగడానికి వదిలిన ఖాళీ చూసేవాళ్లకు వృథాగా కనిపిస్తుంది. చారలు గీసినా సరే, అది తన బండి కోసమే వదిలిన చోటులా అనిపిస్తుంది మన బైకు వాలాకు. ఒకటి చేరితే పది చేరతాయి. వాటి యజమానులు క్యూలో ఉంటారు, హ్యాండిల్ లాక్ వేసి ఉంటుంది. అందుకే కొన్ని దేశాల్లో గీతతో సరిపెట్టకుండా ఆ ఖాళీకి చిన్న స్తంభాలు పాతుతారు, కుర్చీ వెళ్తుంది, బండి దూరదు. స్తంభాల మధ్య దూరం కుర్చీకి సరిపడా ఉంచితే మన బైకు అందులోంచీ దూరిపోతుంది, ఆ చిక్కు మనకే ప్రత్యేకం.

ఇక పార్కింగ్ కాంట్రాక్టర్ వైపు నుంచి. చాలా చోట్ల పార్కింగ్ వసూలు హక్కును వేలం పాట పెట్టి ఇస్తారు. వెనక ర్యాంప్ వ్యాన్‌కు 3.6 మీటర్ల వెడల్పు, 7.3 మీటర్ల పొడవు వదిలితే అది 26 చదరపు మీటర్లు. బైకుకు రెండు చదరపు మీటర్లు వేసుకున్నా పదమూడు బైకులు. చీటీ ఇరవై రూపాయలు అనుకుంటే ఒక విడతకు 260 రూపాయలు, పండగ రోజు అలాంటి విడతలు ఎన్నో తిరుగుతాయి. మొత్తం నేలకు పాట పాడిన మనిషి ఆ జాగాను ఖాళీగా ఉంచితే ఆ నష్టం ఆయన జేబులోంచే పోతుంది. గేటు దగ్గర చీటీలు చింపే కుర్రాడితో ఎంత వాదించినా ఈ లెక్క మారదు. పాట పెట్టేటప్పుడే వ్యాన్ జాగాను మొత్తం విస్తీర్ణంలోంచి తీసేసి, దాన్ని ఆక్రమిస్తే జరిమానా కాంట్రాక్టర్‌దేనని షరతుల్లో రాస్తే లెక్క మారుతుంది. ఆ షరతు రాయాల్సింది గుడి దగ్గర దేవస్థానం, నగర వీధుల్లో కార్పొరేషన్, మరోచోట పర్యాటక సంస్థ. కోర్టు కోరిన తప్పనిసరి ప్రమాణాల్లో వ్యాన్ కొలత విడిగా ఉంటేనే వీళ్లలో ఎవరైనా ఎన్ని మీటర్లు తీసేయాలో ఆ షరతులో రాయగలరు.